ఫీడరు ఆగిన మధ్యాహ్నం

ఈమధ్య చనిపోయిన ఒక దర్శకురాలి గురించి నాలుగు మాటలు రాసివ్వమని ఆమె స్నేహితులు బెంగళూరు నుంచి ఫోన్ చేశారు. ఆమె తీసిన సైన్స్ ఫిక్షన్ సినిమాను మళ్లీ అక్కడక్కడా వేస్తున్నారట. దాని మీద చిన్న పుస్తకం తెస్తారట. నేను సినిమా మనిషిని కాను. పావగడ సోలార్ పార్కులో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైనవాణ్ని. ఆ సినిమా చివరి దృశ్యం తీసిన రోజు నేను అక్కడ ఉన్నాను. అది తీస్తుండగా ఒక ముసలామె ప్రాణం పోవలసింది. దాని గురించైతే రాయగలను, గొప్పమాటలు ఇంకెవరైనా రాస్తారు అన్నాను. సరే అన్నారు.

చదివేవాళ్లలో ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు ఉంటారు కాబట్టి మా పని గురించి కొంచెం చెప్పాలి. సేఫ్టీ ఆఫీసరు పని ఏమీ జరగకుండా చూడటం. ఏమీ జరగని రోజున అతను ఏ పనీ చేయనట్టు కనిపిస్తాడు. ఏదైనా జరిగిన రోజున అంతా అతనే చేసినట్టు కనిపిస్తాడు. రెండు రకాల రోజుల్లోనూ అందరికీ అడ్డమే. సోలార్ పార్కుకు రాకముందు నేను చాలా ఏళ్లు సబ్‌స్టేషన్లలో చేశాను. చేరిన కొత్తలో ఒక లైన్‌మ్యాన్ తన పెళ్లిచూపుల కథ నవ్వుతూ చెబుతూ చెబుతూ, మాట మధ్యలో తీగ తగిలి పోయాడు. తప్పు ఎవరిదీ కాదని తేల్చారు. అప్పటినుంచి తీగలున్న చోట మనుషులు నవ్వుకుంటూ ఉంటే నాకు స్థిమితం ఉండదు.

సోలార్ ప్లాంటు చూడటానికి అమాయకంగా ఉంటుంది. పొగ లేదు, మంట లేదు. ఒకప్పుడు వేరుశనగ పండిన మెట్ట మీద కనుచూపు మేరా నల్లని పలకలు. గడ్డి పెరిగితే పలకల మీద నీడ పడుతుంది కాబట్టి వాటి కింద గొర్రెల్ని మేపనిస్తారు. గొర్రెలు మేసే చోట ప్రమాదం ఏముంటుందిలే అనిపిస్తుంది. కానీ పొద్దు ఉన్నంతసేపు ఆ పలకల్లో కరెంటును ఎవరూ ఆపలేరు. అది ఇన్వర్టరు గదులకు చేరి, అక్కణ్నుంచి ముప్పైమూడు వేల వోల్టుల కేబుళ్లలో భూమి లోపల సబ్‌స్టేషనుకు పోతుంది. అలా పోయే ఒక్కో లైనునూ ఫీడరు అంటాం. కింద కేబుల్ ఉందని తెలియడానికి దాని దారి పొడవునా మోకాలెత్తు సిమెంటు రాళ్లు పాతుతారు. పైన మట్టి కాస్త లోతు తీస్తే హెచ్చరికగా ఒక ఎర్రటి ప్లాస్టిక్ పట్టీ వస్తుంది. దాని కిందే కేబుల్.

ఇంకో సంగతి. గొర్రెలవాళ్లు వద్దన్న చోటికి పోకుండా మా సెక్యూరిటీ వాళ్లు ఒక సులువు కనిపెట్టారు. కంచె దగ్గరైనా సరే, నీళ్ల ట్యాంకు దగ్గరైనా సరే, "ఆడికి పోవద్దప్పా, కరెంటు ఉండాది" అనేవాళ్లు. మొదట్లో జనం భయపడ్డారు. తర్వాత ఒక మేక ఆ కంచెకే ఒళ్లు రుద్దుకుంటూ హాయిగా నిలబడటం ఊరంతా చూసింది. అప్పటినుంచి పార్కును ఆనుకున్న రాయచెర్లులో ఆ మాట నవ్వుకునే మాటైపోయింది. ఎవరింటికైనా చుట్టం చెప్పకుండా వస్తే, "లోపలికి రావద్దు, కరెంటు ఉండాది" అనేవాళ్లు. అబద్ధం చెప్పి భయపెట్టకండి, నిజంగా చెప్పాల్సిన రోజు నమ్మరు అని నేను సెక్యూరిటీ వాళ్లతో చాలాసార్లు అన్నాను. వాళ్లకు నేనొక సణుగుడు మనిషిని.

ఆ దర్శకురాలిది వై.ఎన్.హొసకోట వైపు. బెంగళూరులో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేస్తూ, సెలవులు కూడబెట్టుకుని సినిమాలు తీసేది. ఎదుటివాళ్లు మాట్లాడటం పూర్తయ్యేదాకా ఆగి, ఇంకొంచెం ఆగి, అప్పుడు మాట్లాడేది. మా ప్లాంట్ మేనేజరు ఉత్తరాది మనిషి, సినిమాలంటే ఇష్టం. షూటింగుకు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని నా వైపు చెయ్యి చూపించి, "ఎవరికైనా ఏదైనా అయితే ఈయన జవాబు చెప్పాలి" అన్నాడు. ఆమె నా వైపు తిరిగి, "మీరు వద్దన్నది ఏదీ చేయం సార్" అంది. మొదట అందరూ అలాగే అంటారు.

ఎక్కడెక్కడ నడుస్తారో తెలుసుకుందామని స్క్రిప్టు అడిగి తీసుకున్నాను. చదవడం మొదలుపెట్టాక ఎందుకు అడిగానో మరిచిపోయాను. అందులో కాలం చాలా ముందుకు జరిగిపోయి ఉంటుంది. భూముల లీజు గడువు తీరిపోయింది. ప్లాంటు పెట్టినవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు. పలకలు మాత్రం అలాగే ఉన్నాయి. ప్రతి మనిషి చెవిలోనూ ఒక గొంతు ఉంటుంది. నువ్వు ఎక్కడున్నావో, ఎటు పోవాలో అదే చెబుతుంది. ఒక ముసలామె తన చేను వెతుక్కుంటూ వస్తుంది. "పెద్ద రేగిచెట్టు కాడి చేను యాడుండాది?" అని అడుగుతుంది. "మీరు నాలుగో బ్లాకులో ఉన్నారు. మీరు అడిగిన చోటు లేదు" అంటుంది గొంతు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. చివరికి ఆమె ఆ గొంతును చెవిలోంచి పీకి పారేసి, గడ్డపారతో తవ్వి, తన హద్దురాయిని కనుక్కుంటుంది. అక్కడితో సినిమా అయిపోతుంది.

నేను చిన్నప్పటినుంచీ చదివేవాణ్ని. సైన్స్ ఫిక్షన్ అంటే వేరే గ్రహాలు, వింత జంతువులు అనుకున్నాను. ఇందులో రాయచెర్లు ఉంది. ఉన్నదాన్ని కాస్త ముందుకు జరిపితే చాలు, భయం దానంతటదే వస్తుందని ఆమెకు తెలుసు. రాకెట్టు తయారుచేయించే స్తోమత లేక అలా రాసుకుందని తర్వాత కొందరు సరదాగా అన్నారు. ఆమె కూడా కాదనలేదు. చెవిలో మాట్లాడే గొంతు కూడా ఆమెదే. వేరే ఎవరినీ పెట్టుకోలేదు.

ముసలామె వేషానికి నటిని తేలేదు. రాయచెర్లులో తన చేను లీజుకు ఇచ్చిన ఒక అవ్వను అడిగింది. ఆ అవ్వ తోడుకు మరిదిని వెంటబెట్టుకుని వచ్చేది. భవిష్యత్తు బట్టలని చెప్పి, రేకుల కప్పు కింద వేడి తగలకుండా పరిచే వెండిరంగు షీటుతో ఆమెకొక పైట కుట్టారు. అది వేసుకుని ఆమె మరిదితో, "చూడప్పా, నన్ను బిర్యానీ పొట్లం చేసినారు" అంది. నేను హెల్మెట్ ఇస్తే, "నెత్తిన ఈ బోకేంది సారూ, నీళ్లకు పోతాండానా?" అంది. కెమెరా ముందు లేనంతసేపు పెట్టుకోవాలని బతిమాలితే పెట్టుకుంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

చివరి రోజు తవ్వే దృశ్యం. ఆ చోటును నేనే ఎంచి ఇచ్చాను. డ్రాయింగులన్నీ చూసి, కింద ఏ కేబులూ లేని ఒక మూల, కంచె పక్కన. సినిమావాళ్లు థర్మోకోల్‌తో హద్దురాయి చేసి రంగు వేసుకొచ్చారు. చూస్తే రాయే. దాన్ని పాతబోతుంటే అవ్వ ఒంటిచేత్తో ఎత్తి చూసింది.

"ఇదేంది పాపా, ఇది రాయా, బొరుగుల మూటా?"

"సినిమాలో రాయి మాదిరే కనిపిస్తాది అవ్వా" అంది దర్శకురాలు.

"చూసేవాళ్లకు కనిపిస్తాదిలే. తవ్వేది నేను గదా. తవ్వి తవ్వి చేతికి అట్ట తగిల్తే నా మొగం ఎట్లుంటాది?"

"నిజం రాయి అనుకోండి."

"అనుకునేదానికి నాకేం పిచ్చా? మా మామ పాతిన రాయి నాకు తెల్దా? అయినా ఇది మా చేను కాదు. ఊరోళ్ల చేన్లో గడ్డపార ఏస్తే నన్నేమంటారు?"

మరిది కల్పించుకున్నాడు. "ఇప్పుడు అందరి చేన్లూ ఒగటే గదా వదినా. తవ్వేయ్, పోదాం. ఎండ మండుతాండాది."

దర్శకురాలు ఒత్తిడి చేయలేదు. అన్నం తిన్నాక చూద్దాం అంది. అవ్వ ఇక తవ్వనని ఇంటికి పోతుందేమో, సినిమా ఆగిపోతుందేమో అనుకున్నాను. ఆగిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఇంకోచోట తవ్వుతుందని మాత్రం నాకు తోచలేదు.

జీపు నీడలో అన్నాలు తిన్నారు. నేను కొంచెం పక్కకు పోయి కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను. ఫోన్ పెట్టి తిరిగి వస్తే, హెల్మెట్లు నేల మీద వరసగా బోర్లించి ఉన్నాయి. మనుషులు లేరు. మరిది ఒక్కడే పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

"యాడికి పోయినారు?"

"వదిన గడ్డపార భుజానేసుకొని పాయ. మా చేను చూపిస్తా రాండి అనింది. వాళ్లు కెమెరా ఎత్తుకొని ఎంటబడినారు."

"ఎటు?"

ఆయన ఒక వైపు చెయ్యి చూపించాడు. ఒక క్షణం ఆలోచించి ఇంకో వైపు చూపించాడు.

పలకల వరసల మధ్య మనిషిని వెతకడం ఎలా ఉంటుందో చెబుతాను. ప్రతి వరసా ముందు వరసలాగే ఉంటుంది. పిలిస్తే గొంతు పోదు. ఇన్వర్టరు గది ఫ్యాన్ల మోత దాన్ని మింగేస్తుంది. వంగి చూస్తే పలకల కిందనుంచి చాలా దూరం కనిపిస్తుంది, కానీ ఇనుప కాళ్లు తప్ప ఏమీ ఉండవు. నేను పరుగెత్తడం, వంగడం, మళ్లీ పరుగెత్తడం. ఆ వయసులో అలా పరుగెత్తకూడదు. నా కళ్లముందు ఆ అవ్వ లేదు. పెళ్లిచూపుల కథ చెబుతున్న లైన్‌మ్యాన్ ఉన్నాడు.

రెండు బ్లాకుల మధ్య దారి దగ్గర వెండిరంగు షీటు తళుక్కుమంది. అవ్వ గడ్డపార ఎత్తి వేస్తోంది. ఎదురుగా కెమెరా. పక్కన దర్శకురాలు. అవ్వ కాళ్ల దగ్గర భూమిలోంచి ఒక సిమెంటు మొండెం కొంచెం బయటికి కనిపిస్తోంది.

అది చూడగానే నాకు అర్థమైంది. కేబుల్ దారికి పాతిన గుర్తు రాయి అది. గడ్డి కోసే ట్రాక్టరు తగిలి నేల మట్టానికి విరిగింది. కొత్తది పాతాలని చెప్పి ఉన్నాను, ఇంకా పాతలేదు. మట్టిలో కూరుకుపోయిన ఆ మొండెం అవ్వకు తన మామ పాతిన హద్దురాయిలా కనిపించింది. ఇక్కడ తవ్వొద్దని చెప్పడానికి పెట్టిన రాయే ఇక్కడ తవ్వమని ఆమెను పిలిచింది.

అరిచాను. వినపడలేదు. ఇంకా చాలా దూరం ఉంది. నేను చేరేలోగా ఇంకెన్ని దెబ్బలు వేస్తుందో తెలియదు. ఒక్కటి చాలు. నిలబడి కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను. ఆపరేటరు మడకశిర వైపు కుర్రాడు, పనిలో నిదానస్తుడు.

"నాలుగో ఫీడరు తీసెయ్" అన్నాను.

"ఏం సార్? ఎండ బాగా కాస్తాంటే ఇప్పుడు తీస్తే పైనుంచి అడుగుతారు. మేనేజరుకు ఒక మాట..."

"కేబుల్ మీద మనిషి ఉండాది. తీసెయ్ నాయనా."

అతను ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

ఇన్వర్టరు మోత మాకు రోజూ వినపడి వినపడి, ఉన్నట్టే తెలియదు. అది ఒక్కసారిగా సన్నగిల్లి, కిందికి దిగి, ఆగిపోయింది. ఎక్కడో గొర్రె అరిచింది. ఎండ అలాగే ఉంది. చెవులు మూసుకుపోయాయా అనిపించింది. అవ్వ కూడా గడ్డపార ఎత్తిపట్టుకుని ఒక క్షణం ఆగింది. తర్వాత మళ్లీ వేసింది.

నేను చేరుకుని గడ్డపార పట్టుకున్నాను. ఆమె వదల్లేదు. లాక్కోవలసి వచ్చింది.

"యాడికి ఎత్తకపోతావు? మా ఇంటి గడ్డపార అది!"

"జరుగమ్మా. కింద కరెంటు ఉండాది."

ఆమె నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. కోపం కాదు, విసుగు.

"మీకు అదొగటే మాట. కంచెలో ఉండాదంటిరి. నీళ్ల ట్యాంకులో ఉండాదంటిరి. నా చేన్లో మీ కరెంటుకేం పనప్పా?"

అని కూర్చుని చేతులతో మట్టి తోడటం మొదలుపెట్టింది. ఫోన్లో ఆపరేటరు, "సార్, బ్రేకరు తీసినా. ఎర్త్ చేసేకి ఇంకా కొంచేపు కావల్ల. ఎవర్నీ చెయ్యి పెట్టనీయొద్దు" అంటున్నాడు. బ్రేకరు తీసినంత మాత్రాన అంత పొడవు కేబుల్‌ను నమ్మకూడదు. దాన్ని భూమికి కలిపేదాకా అందులో ఎంతో కొంత మిగిలే ఉంటుంది. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నాకు అన్నీ తెలుసు. తెలిసి కూడా, ఒక పెద్దామె రెండు చేతులు పట్టుకుని ఈడ్చడానికి నా చేతులు ముందుకు పోలేదు. "నీకు దండం పెడతానమ్మా, చెయ్యి తియ్యి" అన్నాను.

దర్శకురాలు నా మొహం చూసింది. ఒక్కసారే చూసింది. "అవ్వా, ఆగండి. అవ్వా, సారు నిజం చెప్తాండాడు, ఆగండి" అంది. గొంతు వణికింది.

అవ్వ ఆగలేదు. ఆ మొండెం ఒక పక్కకు ఒరిగింది. లోపల ఇనుప చువ్వ కనిపించింది. ఆమె దాన్ని వేలితో తాకి, "సిమెంటు" అంది, తనలో తాను. కింద మట్టిలోంచి ఎర్ర పట్టీ బయటపడింది. పట్టుకుని లాగింది. అది కొంచెం సాగి, మట్టి రాలుస్తూ పైకి వచ్చింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. ఆమె చదువుకోలేదు. ఆ పట్టీని ఎత్తి నాకు చూపిస్తూ, "ఇదేంది?" అని అడిగింది.

అప్పుడే ఫోన్లో, "ఎర్త్ అయింది సార్" అని వినపడింది. కింద కూర్చున్నాను.

సినిమాలో ఆ ప్రశ్న దగ్గరే తెర నల్లబడుతుంది. తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లకు తెలియదు. అవ్వ ఆ గుంత పక్కనే కూర్చుని, "ఈడే ఉండల్ల. మా మామ పాతినాడు. ఈడే ఉండల్ల" అంటూ నేలను అరచేత్తో నిమరడం మొదలుపెట్టింది. కెమెరామన్ మెల్లగా దగ్గరికి జరిగి ఆమె మొహం మీదికి పోబోయాడు. దర్శకురాలు కెమెరా ముందు చెయ్యి అడ్డం పెట్టింది. "మేడమ్, ఈ మొగం మళ్లీ దొరకదు" అన్నాడు అతను. "ఆపేయ్" అంది. తర్వాత పోయి అవ్వ పక్కన మట్టిలో కూర్చుంది. కంట్రోల్ రూము నుంచి, మేనేజరు నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఫీడరు మళ్లీ ఎప్పుడు ఎక్కించాలని. మనుషులు కేబుల్ మీదినుంచి లేచేదాకా కుదరదన్నాను. వాళ్లిద్దరూ లేవడానికి చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు. నా ఉద్యోగంలో నేను తొందరపెట్టని పని అదొక్కటే.

ఆమె సినిమా గురించి చాలామంది చాలా రాశారు. తీసిన దృశ్యాలను మెచ్చుకున్నారు. ఆమె తీయని దృశ్యం దగ్గర నేను ఉన్నాను కాబట్టి దాన్ని రాశాను.

సాయంత్రం మేనేజరు కేకలు వేసి అందర్నీ గేటు బయటికి పంపించాడు. షూటింగు రద్దు. ఆయన తప్పేమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అంతే. గడ్డపార గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెట్టించాడు. అది అవ్వకు తిరిగి చేరేసరికి వేరుశనగ విత్తే కాలం వచ్చింది. అది చేరాక కూడా ఆమె నాతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే మొహం తిప్పుకునేది.

కొన్నాళ్లకు మేనేజరు మెత్తబడ్డాడు. ఇంకొక్క రోజు వచ్చి, ముందు చూపించిన చోటే, ఆ మిగిలిన ముక్క తీసుకుని పొమ్మనండి అన్నాడు. నేను ఫోన్ చేస్తే దర్శకురాలు కెమెరా లేకుండా, ఒక్కతే వచ్చింది. గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం.

"వద్దులే సార్" అంది.

"రాయి దొరకాలి కదా. లేకపోతే సినిమా మధ్యలో ఆగినట్టు ఉంటుంది."

"మధ్యలోనే ఆగింది కదా సార్. ఆయమ్మకు దొరకనిదాన్ని నేను అట్టతో చేసి దొరికించి, అందరితో చప్పట్లు కొట్టించుకోవడం నాకు చేతకాదు. నేను రాసిన ముగింపే తప్పు."

ఎన్నో ఏళ్లు మనసులో పెట్టుకుని రాసిన ముగింపును టీ చల్లారేలోగా వదిలేసింది. ఆ తెలివి పుస్తకాల్లో చదివాను గానీ మనుషుల్లో తక్కువగా చూశాను.

సినిమా బయటికి వచ్చాక నేనూ బెంగళూరులో ఒకసారి చూశాను. ఆ దృశ్యంలో సంగీతం లేదు. ఇన్వర్టరు మోత దిగిపోవడం, గొర్రె అరుపు, అన్నీ అలాగే ఉంచింది. అవ్వ చెవి గొంతును పారేసిన తర్వాత కూడా, "అవ్వా, ఆగండి" అని అదే గొంతు వణుకుతూ వినిపిస్తుంది. అంతవరకూ బ్లాకు నంబర్లు చెప్పిన యంత్రం మొదటిసారి మనిషిలా బతిమాలిందని, అది గొప్ప ఊహ అని మెచ్చుకున్నారు. అది ఊహ కాదు. దర్శకురాలు నిజంగా భయపడింది. ఇప్పుడు ఆమె లేదు. ఆ భయం ఆమె గొంతులో అలాగే ఉంది. నేను ఆ సినిమాను మళ్లీ ఒంటరిగా చూడలేకపోయాను.

ఇంకో సంగతి. తెర మీద పసుపు హెల్మెట్, మెరిసే జాకెట్ వేసుకున్నవాడి రెండు చేతులు వచ్చి ముసలామె గడ్డపార లాక్కుంటాయి. అవి నావి. రేపటి కాలపు నిర్దయకు గుర్తుగా ఆ చేతుల్ని ఎంత బాగా చూపించారో అని ఒకాయన వ్యాసం రాశాడు. నా భార్య ఆ వ్యాసాన్ని చదివించుకుని విని, "ఇంట్లో కూడా అంతే" అంది.

తర్వాత దర్శకురాలు ఆ సినిమాను రాయచెర్లులో వేయాలని పట్టుబట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, బడి గదిలో, కిటికీలకు గొర్రెలవాళ్ల కంబళ్లు కట్టి, గోడ మీద తెల్లగుడ్డ వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. వెండిరంగు పైట కనపడగానే పిల్లలు ఈలలు వేశారు. అవ్వ ముందు వరసలో చాప మీద కూర్చుని తన్ను తాను చూసుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె నన్ను చూసి కూడా చూడనట్టే ఉంది.

చివరి దృశ్యం వచ్చింది. మోత దిగిపోయి, చప్పుడు ఆగింది.

"కరెంటు పాయ!" అని ఎవరో అరిచారు. "ఏయ్, జనరేటర్ చూడండప్పా!" నలుగురు లేచి బయటికి పరుగెత్తారు. తెర మీద బొమ్మ కదులుతూనే ఉందని తెలుసుకునేసరికి సగం దృశ్యం అయిపోయింది. నవ్వులు. ఆ నవ్వుల్లోనే నా చేతులు వచ్చి గడ్డపార లాక్కున్నాయి. అవ్వ ఎర్ర పట్టీ ఎత్తి చూపించింది. తెర నల్లబడింది.

లైటు వెయ్యగానే మరిది లేచి నిలబడ్డాడు. "వదినా, అది మీ చేను కాదు, మాది! ఎనకాల గుట్ట చూడు. సుద్దంగా మా చేను."

"కూకో. తాగినప్పుడు ఇంటికే దారి తెలీదు నీకు, చేను చెప్పొచ్చినావు."

"మీ ఇద్దరిదీ కాదు, రోడ్డుకు ఆపక్క గదా..." అని ఇంకొకాయన మొదలుపెట్టాడు. కాసేపు గదంతా వాదులాట. ఎవరికి వాళ్లు చేతులు చాపి గోడల వైపు చూపిస్తున్నారు. దర్శకురాలు ప్రొజెక్టర్ పక్కన నిలబడి వింటోంది.

అవ్వ ఆ వాదులాటలోంచి తప్పుకుని వెనక్కి తిరిగింది. అన్ని నెలల తర్వాత నాతో మాట్లాడింది.

"సారూ, ఆ పొద్దు నిజంగానే ఉణ్ణిందా ఆడ కరెంటు?"

గది కొంచెం నెమ్మదించింది.

"ఉణ్ణిందమ్మా. నువ్వు తవ్వేటప్పుడు మేము ఆపినాం."

"ఆపకపోయింటే?"

అబద్ధం చెప్పి ఆమెను తేలికపరచవచ్చు. ఆ ఊళ్లో మావాళ్లు అప్పటికే చాలా అబద్ధాలు చెప్పారు.

"బతికేదానివి కాదమ్మా."

మరిది చాప మీద కూర్చుండిపోయాడు. అవ్వ తన అరచేతులు ఒకసారి చూసుకుంది.

"మరి గట్టిగా చెప్పల్ల గదప్పా!"

"చెప్పినానమ్మా."

"చెప్తివిలే. మీరు ఎప్పుడూ చెప్తానే ఉంటిరి." ఆ మాటలో కోపం లేదు. తర్వాత దర్శకురాలి వైపు తిరిగింది. "పాపా, ఆ తవ్వేది ఇంకొగసారి ఎయ్యి."

లైటు ఆర్పారు. మళ్లీ గడ్డపార పైకి లేచింది. ఈసారి మోత ఆగినప్పుడు ఒక్కరూ అరవలేదు. అవ్వ తన మొహం చూసుకోవడం లేదు. ముందుకు వంగి, గడ్డపార మొన నేలలో ఎక్కడ దిగుతోందో చూస్తోంది. ప్రతి దెబ్బకూ ఆమె భుజం చిన్నగా ఉలిక్కిపడింది. "అవ్వా, ఆగండి" అని గొంతు వినపడగానే, "ఆగే ముండనా నేను" అని తన్ను తాను తిట్టుకుంది.

ఒక కిటికీకి కట్టిన కంబళి ఒక కొస ఊడి, ఎండ తెర మీదికి పడబోయింది. దర్శకురాలు పోయి ఆ కొసను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, దృశ్యం అయిపోయేదాకా కిటికీ దగ్గరే నిలబడింది. తెర వైపు చూడలేదు. చాప మీద కూర్చున్నవాళ్లను చూసింది.